తువ్వాల కింద తెప్ప బేరం

ఆర్మూరు పసుపు బజారులో నా అంత ఈతగాడు లేడని పదేళ్లుగా నేనే ప్రచారం చేసుకున్నాను. నడుము దాటిన నీళ్లలోకి ఎన్నడూ దిగలేదు, అది వేరే సంగతి. ఆ ప్రచారం నమ్మి, పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం నా భార్య, ఆమె తమ్ముడు కలిసి నన్ను భీమునిపట్నం సముద్రానికి లాక్కుపోయారు.

కొండలు నీళ్లు తాగడానికొచ్చిన ఏనుగుల్లా సముద్రంలోకి దిగి ఉన్నాయి. రాళ్ల నడుమ జల్లెడ పట్టినట్టు మెత్తటి ఇసుక. అలలా అవి! ఒక్కొక్కటి మా దొర గడీ అంత. జాలరులు దుంగలు కట్టిన తెప్పల మీద ఆ అలలెక్కి, గుర్రాలు తోలినట్టు ఒడ్డుకు దూసుకొస్తున్నారు.

"నేనైతె రెండు తెప్పలు తోల్త, కాలికొకటి" అన్నాను.

"అయితే ఎక్కు బావా, జర సూస్తం" అన్నాడు బావమరిది. "ఎక్కకపోతె మాత్రం, ఊరికి పోంగనె బజార్ల అందరికి చెప్త!"

"ఊకోరా! ఎక్కుతనన్నడంటె ఎక్కుతడు" అంది నా భార్య. భర్తను అంతలా నమ్మడం ఎంత అపాయమో!

పరువూ దక్కాలి, ప్రాణమూ దక్కాలి. ఉపాయం తట్టింది. మా బజారులో పసుపు బేరం నోటితో సాగదు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటాం, పక్కవాడికి తెలియదు. తెప్ప ఎక్కించేందుకు జాలరి మండిపడేంత తక్కువ ధర నొక్కి, బేరం కుదరలేదని తిరిగొస్తే సరి.

ఒక ముసలి జాలరి చేయి పట్టుకుని, తువ్వాల కప్పి, ఒక్క వేలు నొక్కాను. ఆయన నా మొహంలోకి చూశాడు. మళ్లీ నొక్కాను. ఆ ఊళ్లో ఈ పద్ధతే లేదని నాకేం తెలుసు? పాపం, భయంతో చేయి పట్టుకున్నాననుకున్నాడు.

"బయపడకు బాబూ, నానున్నాను కదేటి! సెయ్యి ఒగ్గీకు, గట్టిగా పట్టుకో" అంటూ తువ్వాలతో సహా తెప్ప మీదికి లాగేశాడు.

అల లేచింది. దాని మీది నుంచి నాకు మా ఆర్మూరు పక్క బాల్కొండ దాకా కనిపించిందంటే మీరు నమ్మరు. మరుక్షణం కడుపులో సముద్రం, నోట్లో ఇసుక, ఒళ్లంతా నవ్వు. ఒడ్డున బోర్లా పడ్డాను.

"నిలవడలే గద బావా! పండుకొని వచ్చినవ్!"

అప్పటికే మళ్లీ నీళ్లలోకి పరుగెత్తుతున్నాను. ఈసారి నా భార్య కొంగు బిగించి నాకంటే ముందు ఎక్కింది. మూడోసారికి బావమరిది నెమ్మదిగా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నేను గూడ ఎక్కుత బావా. జర నా చెయ్యి పట్టుకో... బజార్ల ఎవ్వలకు చెప్పకు!"