గీతకి ఇవతల ఒంటి కుర్చీ

మా బాబాయిది ఒంటి కుర్చీ కటింగ్ షాపు. ఒక అద్దం, ఒక బల్ల, నీళ్లు చల్లే సీసా, గోడకి మేకు, మేకుకి తువ్వాలు. ముప్ఫై ఏళ్లుగా అంతే. రెండో కుర్చీకి జాగా ఉంది, వచ్చే జనమూ ఉన్నారు. కానీ బాబాయి వెయ్యడు. కారణం వ్యాట్ అనే పన్ను.

ఈ వ్యాట్ మీద గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం అట్ట నించి అట్ట దాకా చదివాను. నాలుగొందల పేజీలు పిండితే వచ్చిన రసం చారెడు. అమ్మే ప్రతివాడూ ధర మీద పన్ను కలిపి తీసుకుంటాడు. సరుకు కొన్నప్పుడు తను కట్టిన పన్నుని అందులోంచి మినహాయించుకుని మిగతాది సర్కారుకి కడతాడు. మినహాయించుకోవడానికి ఏమీ లేనివాడు ఒక్కడే, చివర్లో కొని వాడుకునేవాడు. బరువంతా వాడి నెత్తినే. ఇది చెప్పడానికి అన్ని పేజీలు ఎందుకో రాసినవాళ్లకే తెలియాలి.

చిన్న షాపులకి ఒక వెసులుబాటుంది. ఏడాది రాబడి ఒక హద్దు దాటకపోతే పన్ను జోలికి పోనక్కర్లేదు. దాటితే పేరు నమోదు చేసుకుని ప్రతి కటింగ్ మీదా వందకి పదిహేను వసూలు చెయ్యాలి. ఆ హద్దుని బాబాయి 'గీత' అంటాడు. రొట్టెల దుకాణం వాడైతే పిండి మీద కట్టిన పన్ను తగ్గించుకుంటాడు. బాబాయి కొనేదేముంది? సబ్బు, బ్లేడ్లు, పౌడరు. మిగతాదంతా ఆయన నడుం నొప్పి. నడుం నొప్పికి మినహాయింపు రాసినవాడు ఇంకా పుట్టలేదు.

అందుకని ఏటా చివరి నెలలో బాబాయి గీతకి జానెడు దూరంలో ఆగిపోతాడు. షాపు మాత్రం మూయడు, చేతులు ఊరుకోవు. ఆ మిగిలిన రోజులు ఊరికే కత్తిరిస్తాడు.

"డబ్బు తీసుకుంటే గీత దాటతాను. తీసుకోకపోతే మనం కాసేపు కబుర్లు చెప్పుకున్నట్టు," అంటాడు.

ఈ సంగతి వీధికి అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. మూడో ఏడు వీధి మొత్తం జుట్టు పెంచడం మొదలుపెట్టింది.

చివరి నెల వచ్చింది. బస్సు డ్రైవరు గుమ్మంలోంచి తల లోపల పెట్టాడు. ఆ తల నడినెత్తిన నున్నగా ఉంటుంది, చుట్టూ మాత్రం గుబురు.

"ఏం అన్నా, ఊరికే కత్తిరించడం మొదలెట్టావా?"

"ఇంకా లేదు. ఇంకో అరవై కటింగులు పడితే గానీ గీత దగ్గరికి రాను."

"అయితే ఆ అరవై అయ్యాక కబురు పెట్టు."

"అందరూ ఇదే మాటంటే ఆ అరవై మంది ఆకాశంలోంచి ఊడిపడతారా?"

"నన్నడిగితే? నేను బస్సు నడుపుతాను," అని వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ వారమే చెల్లికి ఉద్యోగం వచ్చింది. చెల్లంటే బాబాయి కూతురు. జుట్టు కత్తిరించడంలో ఏడాది శిక్షణ పూర్తి చేసింది. స్టేషన్ దగ్గరి పెద్ద సెలూన్ వాళ్లు సోమవారానికల్లా చేరమన్నారు. పన్నెండు కుర్చీలు, ఏసీ, రోజుకి పది గంటల పని, పనివాళ్లు కూచోవడానికి ఒక్క స్టూలు లేదు. వాళ్లు వ్యాట్ కలిపి రెండొందల ముప్ఫై తీసుకుంటారు, ఎవరూ కిక్కురుమనరు. చల్లగా ఉన్నచోట పన్ను కూడా చల్లగానే ఉంటుంది కాబోలు. చెల్లికి అక్కడికి పోవాలని లేదు. నాన్న పక్కన రెండో కుర్చీ కావాలి.

"రెండు కుర్చీలైతే ఆరో నెలకే గీత దాటతాం తల్లీ."

"దాటితే ఏమవుతుంది నాన్నా?"

"వంద రూపాయల కటింగ్ నూట పదిహేనవుతుంది. మన వీధివాళ్లు ఇస్తారా?"

"ఇప్పుడేం ఇస్తున్నారు? ఈ తొమ్మిది రోజుల్లో ఎంతమంది వచ్చారు?"

బాబాయి తువ్వాలు మడతపెట్టాడు. పెట్టిన మడత విప్పి మళ్లీ పెట్టాడు.

"నలుగురు."

"పన్ను తప్పించుకుంటున్నాననుకుంటున్నావు. వీధికంతటికీ నెల రోజులు వెట్టిచాకిరీ చేస్తున్నావు."

వెనక గదిలోంచి పిన్ని అందుకుంది. "పెళ్లిచూపుల్లోనూ ఇంతే. ముందుకి రారు, వెనక్కి పోరు. నేనే అవునన్నాను కాబట్టి సరిపోయింది. పదిహేను అడగడానికి నోరు రాక పిల్లని రోజూ రెండు బస్సులు ఎక్కిస్తారా?"

"నమోదు చేసుకుంటే కొత్త కుర్చీ మీద కట్టిన పన్ను తిరిగొస్తుంది బాబాయ్," అన్నాను.

"పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"ఆ రాసినాయన ఎప్పుడైనా కటింగ్ షాపు పెట్టాడట్రా?"



శనివారం డ్రైవరు మళ్లీ వచ్చాడు. గుబురు కాలరు దాటింది. ఈసారి బాబాయే ముందు అడిగాడు.

"నూట పదిహేనైతే వస్తావా?"

"ఆ పదిహేనూ నీకా?"

"నాకు పైసా రాదు. సర్కారుకి."

"మరి నేనెందుకివ్వాలి?"

"చివరివాడివి నువ్వే కాబట్టి."

"ఇవ్వనంటే?"

"రావద్దు."

ముప్ఫై ఏళ్లలో బాబాయి నోట ఆ మాట వినడం అదే మొదలు. వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. డ్రైవరు బల్ల మీద చతికిలబడ్డాడు.

"రెండు కుర్చీలుంటే ఆదివారం రెండు గంటలు కాచుకోనక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

"మా ఆవిడకీ చేస్తారా?"

"చేస్తాను మావయ్యా," అంది చెల్లి.

"సరే, ఇస్తాను. కానీ నాది సగం తల. సగం పన్నే."

"సగం తలలో జుట్టు వెతుక్కోవాలి. దానికే ఎక్కువ తీసుకోవాలి," అంది చెల్లి. బాబాయి నవ్వాడు. సోమవారం చెల్లి స్టేషన్‌కి పోలేదు. నమోదు ఫారాలు నింపింది.

పక్క సందులో ఇంకో ఒంటి కుర్చీ షాపుంది, గీతకి ఇవతలే. మన వీధివాళ్లు ముగ్గురు అటు వెళ్లారు. పదిహేను అంటే కొందరికి పదిహేనే, వాళ్లనేమీ అనలేను. కానీ ఇన్నాళ్లూ ఈ గుమ్మం తొక్కని ఆడవాళ్లు వస్తామన్నారు.

కొత్త కుర్చీ దిగిన రోజు మొదట వచ్చింది డ్రైవరే. బాబాయి తన కుర్చీ దులిపి నిలబడ్డాడు. డ్రైవరు పోయి చెల్లి కుర్చీలో కూచున్నాడు.

"అదేంటయ్యా?"

"ఎక్కువిస్తున్నానా లేదా? ఎక్కడ కూచోవాలో నేనే చూసుకుంటాను."

బాబాయి చేసేది లేక తన కుర్చీలో తనే కూచున్నాడు.

"ఎలా కావాలి మావయ్యా?" అంది చెల్లి.

ఈ షాపులో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగలేదు. డ్రైవరు కంగారుపడి అద్దంలో బాబాయి వైపు చూశాడు.

"నాకెలా కావాలి అన్నా?"

"నన్నడక్కు," అన్నాడు బాబాయి కాళ్లు చాపుకుంటూ. "డబ్బిచ్చేది నువ్వు."