వేండాం అనే పేరు వద్దన్న మా అత్త

మా మేనత్త పోయిందని పోయిన వారం చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. తిరువళ్ళూరులో, తన ఇంట్లోనే, పొద్దున్నే కాఫీ అడిగి, అది వచ్చేలోపల కన్ను మూసిందట. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. చుట్టాలు కుర్చీల్లో కూర్చుని ఒకటే మాట అంటున్నారు, "నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది" అని. చావింట్లో తగువెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆమె మనసు సంగతి పైవాడికి తెలియాలి. నాకు తెలిసినంతవరకు మా అత్తకు ఉన్న మంచి వస్తువు ఆ నోరే. ఆ నోటి వల్లే నాకొక పేరుంది.

మా ఊరు తిరుత్తణికీ తిరువాలంగాడుకూ మధ్య. ఎప్పుడో రాయల కాలంలో వచ్చి పడిన తెలుగు కాపులం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. మా వైపు ఇళ్ళలో వరసగా ఆడపిల్లలు పుడితే చివరి పిల్లకు 'వేండాం' అని పేరు పెట్టేవాళ్ళు. తమిళంలో ఆ మాటకు 'వద్దు' అని అర్థం. అలా పిలుస్తూ ఉంటే దేవుడి చెవిన పడి, మరుసటి కాన్పులో మగపిల్లవాడు పుడతాడని నమ్మకం. నేను మూడో ఆడపిల్లను. ఇంట్లో అన్నిటికీ తెలుగే సరిపోయింది గానీ, నన్ను వద్దనడానికి మాత్రం తమిళం అరువు తెచ్చుకున్నారు. "వేండాం, నీళ్ళు తే." "వేండాం, అన్నం తిన్నావా?" ప్రేమగానే పిలిచేవాళ్ళు, కాదనను. ప్రేమగా పిలిచినంత మాత్రాన ఆ మాటకు అర్థం మారలేదు. బడిలో అయ్యవారు హాజరు పిలిస్తే, "వద్దనుకుంటే ఇంటికి పంపించేయండి సార్" అని వెనక వరసలో నవ్వేవాళ్ళు. నేను చెయ్యెత్తేదాన్ని గానీ 'ఉన్నాను సార్' అనేదాన్ని కాదు.

మాలో బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. నా పేరు పెట్టిన రోజున అత్త తన కాన్పులో పడుకుని ఉంది. ఆమె రాలేదు గనక మా అవ్వ ఆ పని కానిచ్చేసింది. ఆ కోపం అత్తకు చాలాకాలం ఉండింది.

అత్త తిరువళ్ళూరులో ఒక ఆస్పత్రిలో, ప్రసవాల వార్డులో ఆయాగా పనిచేసేది. సెలవు దొరికితే పాసింజరు బండి ఎక్కి మా ఊరొచ్చేది. తిన్నె మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చెనక్కాయలు ఒలుస్తూ వార్డు కబుర్లు చెప్పేది. ఏ తల్లి ఏ పేరు పెట్టినా దాని అర్థం అడక్కుండా వదిలేది కాదు. నూర్ అంటే వెలుతురు. సోఫియా అంటే తెలివి, అది గ్రీకుల మాట. షబ్నం అంటే మంచు బొట్టు, పారసీకుల మాట. బర్మా నుంచి తిరిగొచ్చిన ఒకామె, అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారని చెప్పిందట. "ఆడ ఏ వారం పుట్టినా ఒక పేరు కాసుకోని ఉంటాదే. ఈ వారం మాకొద్దు అనరు," అనేది అత్త. అనేసి అవ్వ వైపు చూసేది. అవ్వ లోపలికి వెళ్ళిపోయేది.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకు నాలుగో కాన్పయింది. మళ్ళీ ఆడపిల్ల. ఈసారి 'పోదుం' అని పెడదామని అవ్వ, నాన్న అనుకున్నారు. 'చాలు' అని దానర్థం. పేరు పెట్టే రోజు పందిరి వేశారు, చుట్టాలొచ్చారు, అన్నం సాంబారు దించారు. అత్త పీట మీద కూర్చుంది. బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టారు.

"చెప్పు మే, పోదుం అని. ఎండ ఎక్కతా ఉండాది," అంది అవ్వ.

"చెప్పను. ముందు ఆ బిడ్డ పేరు మార్చండి. ఆ పైన ఈ బిడ్డ చెవికాడ నోరు తెరస్తా."

అందరూ నా వైపు తిరిగారు. నేను గడప దగ్గర పక్కింటి పిల్లల మధ్య నిలబడి ఉన్నాను. ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

అత్త రాకపోతే అవ్వ చెప్పేసేదే. ఎదురుగా కూర్చున్న మేనత్తను కాదని ఇంకొకరు పేరు పలకడం మాత్రం మా వైపు చేయరు, ఇంటికి మంచిది కాదంటారు. అది అత్తకు బాగా తెలుసు.

"ఏమక్కా, నలుగురిలో ఈ రచ్చ?" అన్నాడు నాన్న. "పేర్లో ఏముండాది? మన చిన్నాయన పేరు పెంటయ్య. ఆయప్ప పెంటలో కలిసిపోయినాడా?"

"పెంటయ్యకు ముందు పుట్టినోళ్ళంతా పోయినార్రా. ఈడన్నా దక్కల్ల, సావు కంట్లో పడకూడదని ఆ పేరు పెట్టినారు. అది బిడ్డ కావల్లని పెట్టిన పేరు. ఇది వద్దని పెట్టిన పేరు. రెండూ ఒకటెట్ల అవుతాయి?"

"అది గాదక్కా, అట్ల పిలిస్తే మొగబిడ్డ పుడతాడని..."

"పుట్టినాడా? ఇదో, నా ఒళ్ళో ఉండేది ఎవురో చూడు. దేవుడు విన్లేదురా. ఇన్నేండ్లుగా విన్నింది ఆ బిడ్డొకటే."

నాకు ఏడుపొచ్చింది. అంతవరకు ఆ పేరు నన్ను బాధపెడుతుందని నాకే గట్టిగా తెలియదు. అవ్వ "నా పరువు తీసినావు" అని ముక్కు చీదింది. వంటాయన వచ్చి ఆకులు వేయమంటారా అని అడిగి, అందరి మొహాలూ చూసి వెనక్కిపోయాడు. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అత్త జోకొట్టింది గానీ పీట మీంచి కదల్లేదు.

చివరికి నాన్న, "సరి, ఏం పేరో నువ్వే చెప్పు," అన్నాడు.

"నన్నెందుకు అడగతావు? దాన్నడుగు."

నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. "ఏం పేరు కావల్ల నీకు?" అన్నాడు, నేల చూస్తూ. నేను షబ్నం అన్నాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. "సాయిబుల పేరా? మన కులమేంది, గోత్రమేంది?"

"తెల్లారి చెనక్కాయ ఆకుల మింద ఉంటాదే, ఆ మంచు బొట్టు. దానికి కులం యాడిది?" అంది అత్త. "పిలువురా. అందరికీ వినపడల్ల."

నాన్న పిలిచాడు. ఆయన నోట్లో అది 'సబ్నం' అయింది. నేను "ఏం నాయనా" అన్నాను. అప్పుడు అత్త వంగి బిడ్డ చెవిలో స్టెల్లా అని చెప్పింది. వార్డులో ఒక క్రిస్టియన్ తల్లి దగ్గర విన్న పేరు. చుక్క అని అర్థం, లాటిన్ మాట. పోయిన వారం నాకు ఫోన్ చేసింది ఆ చుక్కే.

ఆ పేర్లతో మాకు సుఖం లేదు, అది కూడా చెప్పాలి. నాకు ఇల్లు అద్దెకివ్వనన్న వాళ్ళున్నారు. పెళ్ళిచూపుల్లో పేరు విని కాఫీ గ్లాసు కింద పెట్టేసిన వాళ్ళున్నారు. మార్చుకోవచ్చు కదా అని ఇప్పటికీ సలహా ఇస్తారు. మార్చుకోను. ఒక ఏడాది ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ మీద, కావళ్ళు మోసే జనం మధ్య నేను తప్పిపోతే, అత్త నా పేరు పెట్టి కొండ దద్దరిల్లేలా పిలిచింది. "మురుగన్ కొండ మింద ఆ పేరేంది?" అని ఎవరో గొణిగారు. "నా మేనకోడలి పేరు. దిగేటప్పుడు గూడా పిలుస్తా, నిలబడి విను," అంది. దిగేటప్పుడు నేను పక్కనే నడుస్తున్నాను. అయినా పిలిచింది.

ఆమె చెప్పిన అర్థాలన్నీ సరైనవి కావు. రోసలిన్ అంటే రోజాపూల దండ అనేది. కాలేజీ రోజుల్లో ఏదో పుస్తకంలో చూస్తే ఆ పేరు పుట్టుకలో గుర్రం ఉందని తేలింది. వెళ్ళి చెప్పాను. "ఆ తల్లి పూలదండ అనుకోనే పెట్టింది. ఆ బిడ్డకు అదే అర్థం. నీ గుర్రాన్ని నువ్వే పెట్టుకో," అంది. ఇంత తప్పును ఇంత ధైర్యంగా సమర్థించుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా ఇద్దరికీ పేర్లు పెట్టిన రోజు సంగతి ఒకటి మిగిలింది. భోజనాలయ్యాక అత్త రైలుకు బయలుదేరింది. సంచి పట్టుకుని నేను వెంట ఉన్నాను. పెరట్లో గిన్నెలు తోముతున్న ముసలామె లేచి, చేతుల బూడిద కొంగుకు తుడుచుకుంటూ మాకు అడ్డమొచ్చింది. కూలిపనికీ, విందుల్లో గిన్నెలకూ వచ్చే మనిషి. ఊళ్ళో అందరూ ఆమెను 'ముసిల్దానా' అనే పిలిచేవాళ్ళు.

"నా పేరు గూడా వేండామే, తల్లీ. పండ్లన్నీ రాలిపోయినాయి. ఇంగ పెట్టచ్చునా?"

అత్త నవ్వలేదు. "దా, కూచో," అని ఆమెను తోముడు రాయి మీద కూర్చోబెట్టింది. చెవి మీద పడిన నెరిసిన వెంట్రుకలు పక్కకు తీసి, చెయ్యి అడ్డం పెట్టి, చంటిబిడ్డకు చెప్పినట్టే మూడుసార్లు చెప్పింది. నాకు వినపడలేదు.

"ఏం పేరవ్వా?" అని అడిగాను.

"నాది," అంది ఆమె.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా అత్త కూడా చెప్పలేదు. మేము పెరటి వాకిలి దాటేటప్పుడు వెనక్కి చూశాను. ముసలామె మళ్ళీ గిన్నెల ముందు కూర్చుని ఉంది. చేతులు తోముతూనే ఉన్నాయి. పెదవులు మాత్రం, చప్పుడు లేకుండా, ఏదో ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ పలుకుతున్నాయి.