కొబెయ్ తాత కోర్టు గెలిచాక

మా అడవి తెగలో తగువు తీరిందంటే గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే సొరబుర్రలోంచి తేనెకల్లు తాగాలి. ఆ గుక్క పడేదాకా తీర్పు తీర్పు కాదు. అందుకే, అరుషాలోని ఆఫ్రికా దేశాల కోర్టులో మా అడవి కోసం మేం ప్రభుత్వం మీద గెలిచామని రేడియోలో విన్న రోజే మా కొబెయ్ తాత కల్లు పులియబెట్టి, ముక్కాలిపీట వాకిట్లో వేసుకుని కూర్చున్నాడు.

మమ్మల్ని అడవిలోంచి గెంటేసి అప్పటికి పదకొండేళ్ళు. కొండమీది తన దేవదారు చెట్టుకు, దుంగ తొలిచి చేసిన తేనెపెట్టె మళ్ళీ కట్టుకోవాలని తాత కోరిక. ఓడినవాళ్ళు రాలేదు. కల్లు పాడైనప్పుడల్లా పారబోసి మళ్ళీ పెట్టేవాడు. అలా మూడేళ్ళు.

"వాళ్ళకి దారి తెలీదేమో" అన్నాడొకనాడు.

"గెంటడానికొచ్చినప్పుడు తెలిసిందిగా!" అంది అవ్వ, బంగాళాదుంపల చెక్కు తీస్తూ, తలెత్తకుండానే.

మర్నాడు తాత కల్లుబుర్ర చంకన పెట్టుకుని అడవి గేటుకు బయల్దేరాడు. తీర్పు కాగితం చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు. చదివే పనే పడలేదు. గేటు దగ్గర కాపలాదారుకు మేం గెలిచిన సంగతి తెలుసు.

"అయితే తాగు నాయనా, తగువు తీరిపోద్ది. నా చెట్టుకు తేనెపెట్టె కట్టుకుంటా."

"పైనుంచి ఆర్డరు రాలేదు తాతా. నేను తాగకూడదు."

"మరి ఓడింది నువ్వు కాదా?"

"నేనా? జీతగాణ్ణి."

"మీ అధికారి?"

"ఆయనా జీతగాడే."

"ఎవరూ ఓడకుండా మేమెట్టా గెలిచాం?" తాత కోపంతో అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

కాపలాదారు నవ్వబోయి ఆగాడు. గొంతు తగ్గించి, "మధ్యాహ్నం తిండికి వెళ్తా. తాళం వెయ్యను. గబగబా పెట్టె తెచ్చి కట్టేసుకో" అన్నాడు.

దేవదారు అక్కణ్ణుంచే కనిపిస్తోంది. తాత దాన్ని చాలాసేపు చూశాడు. ఆయన మోకాళ్ళు ఇంకో ఏడాది చెట్టెక్కనిస్తాయో లేదో నాకు అనుమానమే.

"దొంగలా ఎక్కేదుంటే ఎప్పుడో ఎక్కేవాణ్ణి. కోర్టెందుకు మరి?" అన్నాడు చివరికి. "మీ పైవాళ్ళుండే ఊరికి బస్సెన్నింటికి?"

"పొద్దున ఆరింటికి. కానీ తాతా, వాళ్ళకీ పైవాళ్ళున్నారు."

"ఉండనీ. ఎవరో ఒకరు చివర ఉంటారుగా!"

ఇంటికొచ్చి అవ్వతో, బుర్రకి బిరడా గట్టిగా బిగించమన్నాడు. బస్సు దారంతా గుంతలేనట.