గుండుకు వేసిన ఎర్ర పట్టెలు

మంచుకొండలన్నిటికీ పటాలు గీసి వచ్చినవాడని పెనుకొండలో నన్ను చూపించి చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. మంచు ఎక్కడ జారుతుందో నేను వేలు పెట్టి చూపిస్తే అక్కడ దారి మూసేవారనీ, పెద్ద పెద్ద ఆఫీసర్లు నన్ను అడగందే అడుగు వేసేవారు కాదనీ టీ బంకు దగ్గర చెప్పీ చెప్పీ చివరికి నాకే నమ్మకం కుదిరింది.

నిజం వేరు. పటాలు గీసింది వేరేవాళ్లు. మిలిటరీలో వాళ్ల వెనకాల పొడుగాటి ఇనుప కడ్డీ మోస్తూ నడిచాను. చెప్పినచోట మంచులో గుచ్చడం, ఎంత లోతు దిగిందో అరిచి చెప్పడం, అంతే నా ఉద్యోగం. నలభై మందిని మంచులోంచి ప్రాణాలతో తీశానని కూడా చెప్పుకున్నాను. తీసింది ఒక్కణ్ణే. వాడు అప్పటికే కొయ్యబారి ఉన్నాడు.

అయితే ఆ నడకలో ఒకటి మాత్రం వంటబట్టింది. చదునుగా ఉన్నచోట మంచు జారదు, గోడలా నిటారుగా ఉన్నచోట నిలవదు. మధ్యరకం వాలే మనుషుల్ని చంపుతుంది. పైన ఎక్కడ తెగుతుంది, ఏ దారిన దిగుతుంది, కింద ఎందాకా వచ్చి ఆగుతుంది, ఇవి చూసి ఆ మేరకు పటంలో ఎర్రరంగు పూసేవారు. ఆ ఎరుపులో గుడారం వేయకూడదు.

మా అక్క ఇల్లు మా ఊరి కొండ పాదం దగ్గర ఉండేది. మొగుడు పోయాక మేకలతో ఒక్కతే కాపురం. పోయినేడు వానలకు ఆ ఇంటి పైనున్న పెద్ద బండరాయి, మా వైపు గుండు అంటాం, దాని కింద మట్టి కోసుకుపోయింది. ఎక్కి చూశాను. గుండు అడుగున నా చెయ్యి మోచేతిదాకా దూరింది. అక్కడినుంచి వాలు నేరుగా అక్క ఇంటి రేకుల మీదికే పోతోంది. మంచు లేదన్న మాటేగానీ, మిగతాదంతా అదే.

దిగొచ్చి, పాత క్యాలెండర్ కాగితం వెనక కొండను గీసి, అక్క ఇంటిదాకా ఎర్రగా పూసి చూపించాను.

“నా ఇంటికి కుంకుమరంగు ఏసినావే, మంచిదే గదబ్బా,” అంది.

“మంచిది కాదక్కా. గుండు కదిలితే నీ ఇంటి మీదికే వస్తాది. ధర్మవరంలో కూతురు రమ్మంటాంది గదా, పో.”

“ఆ మగ్గాల సందులో నా మేకల్ని యాడ కట్టేసేది? నీ నెత్తిమీదనా?”

కాగితంతో పని కాదు, గుండుకే ప్రమాదం గుర్తు వేయాలనిపించింది. హిందూపురం పోయి రంగు డబ్బాలు తెచ్చాను. ఎరుపు ఒక్కటే పూస్తే ఆ రాతిమీద దూరానికి కనబడలేదు. అందుకని తెల్ల పట్టె, ఎర్ర పట్టె, మళ్లీ తెల్లది, మళ్లీ ఎర్రది, అలా గుండు పొడుగునా పూశాను. మన గుడిగోడలకు వేసేది ఆ పట్టెలేనని చేతిలో కుంచె ఉన్నంతసేపూ నాకు తట్టనేలేదు.

ఆ మంగళవారానికి గుండు ముందు పసుపు, నిమ్మకాయలు, టెంకాయ చిప్పలు. నేను పైకి పోయేసరికి ఇద్దరు ముసలమ్మలు నాకు దండం పెట్టారు.

“మంచుకొండల్లో తపస్సు చేసొచ్చినోడు, ఈయప్పకు తెలిసే పట్టెలేసినాడు,” అంది ఒకామె. “దేవుడు కల్లో చెప్పినాడా సామీ?”

కాదమ్మా, ఇది ప్రమాదం గుర్తు, ఈడ నిలబడొద్దు అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. ఆమె అందులో టెంకాయ ముక్క, బెల్లం పెట్టింది. నమిలి ఊరుకున్నాను. మరుసటిరోజు నుంచి బంకు దగ్గర నన్ను చూసి బెంచీ మీదివాళ్లు లేచి చోటిచ్చారు.

మేకల్ని పక్కింటాయనకు అప్పగించి ధర్మవరం పోదామా అని అప్పటిదాకా ఊగిసలాడుతున్న అక్క ఆ ఆలోచనే మానుకుంది.

“దేవుడే నా ఇంటి పైన కూచోనుండాడంట. ఇంగ నేను యాడికి పోవాల? దేవుడు మీద పడతాడా?” అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ వానాకాలం రోజుల తరబడి ముసురు పట్టింది. ఒక పొద్దున అక్క మేకలకు ఆకు వేస్తుండగా గుండు వచ్చింది. నేను గీసిన దారినే వచ్చింది, గీసినచోటే ఆగింది. నా బతుకులో నేను గీసిన పటం అదొక్కటే, అది సరిగ్గా కుదిరింది. రేకులు ఎత్తడానికి ఊరంతా చెయ్యి వేసింది. కింద రెండు మేకలు బతికున్నాయి. అక్క బతికి లేదు.

మధ్యాహ్నానికి మేనకోడలు వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

“మామా, అమ్మకు గట్టిగా చెప్పినావా?”

“చెప్పకుండా ఉంటానా తల్లీ. దినామూ చెప్పినా. కాళ్లు పట్టుకున్నా.”

పట్టుకోలేదు. పట్టెలు వేయకముందు ఒకటి రెండుసార్లు చెప్పానేమో. వేసిన తరువాత చెప్పాలంటే, ముందు అది దేవుడు కాదని అందరి ఎదుటా ఒప్పుకోవాలి. అందుకని ఒక్కసారి కూడా చెప్పలేదు.

“నీ తప్పేముండాది మామా,” అని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అక్కను పాడె మీదికి ఎత్తేదాకా పట్టుకునే ఉంది. నేను విడిపించుకోలేదు.