చెట్టు బాగుందని రాశాను

అరవై ఏళ్లుగా ఒక ఉత్తరం నా గుండెల మీద కూర్చుని ఉంది. చిన్న ఉత్తరమే. రాసింది నేనే. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడానికి కాస్త ధైర్యం వచ్చింది. దానివల్ల నిద్ర పట్టలేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. ఇప్పుడు అది తలుచుకుంటేనే భయం వేస్తోంది.

మాది కడియం. మొక్కలు పెంచి అమ్మే కుటుంబం. మా తాత వయసులో ఉన్నప్పుడు ధవళేశ్వరంలో ఒక బంగళాకు తోటమాలిగా ఉండేవాడు. కాకినాడ రేవుకు వచ్చిన యుద్ధనౌకలో ఒక ఇంగ్లీషు దొరకు జ్వరం తగిలి, ఆ బంగళాలో దింపారట. కొత్తగా కొలువులో చేరిన చిన్న అధికారి. తాత పదిహేను రోజులు గంజి కాచి పోశాడు. కోలుకున్నాక ఆయన, ఎక్కడో అమెరికా పక్క దీవుల నుంచి ఓడలో కుండీతో తెచ్చుకున్న సపోటా మొక్కను మా పెరట్లో తన చేతులతో నాటి వెళ్లాడు.

ఆ తర్వాత హోదా పెరిగినప్పుడల్లా ఒక ఉత్తరం రాసేవాడు. అన్నీ మా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఫిరంగుల అధికారినయ్యాననీ, ఒక్కో ఫిరంగి మీ ఇంటికంటే పొడుగనీ ఒకటి. మొదటి పెద్ద యుద్ధంలో పక్క ఓడ కళ్లముందే మునిగిపోయిందని ఇంకొకటి. ఓడకు కెప్టెన్ అయ్యాననీ, రెండో యుద్ధం నాటికి వయసు మీరిందని తీసుకొచ్చి గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టారనీ మరికొన్ని. ప్రతిదాని చివరా ఒకటే ప్రశ్న. నా చెట్టు ఎలా ఉంది?

నేను కాలేజీలో చేరాక జవాబులు రాసే పని నాకు వచ్చింది. నాన్నకు ఇంగ్లీషు రాదు. యుద్ధనౌక అంటే ఏంటని అడిగితే, జనాన్ని గోదావరి దాటించే పంటు లాంటిదే, కాస్త పెద్దదని చెప్పేవాణ్ణి.

ఇక నా నిర్వాకం వినండి. సపోటా కొమ్మకు చుట్టూ బెరడు చెక్కి, తడి నాచు పెట్టి కడితే అక్కడ వేళ్లు పుడతాయి. ఆ కొమ్మ కోసి కుండీలో పెడితే అంటు మొక్క. ఏడాదికి ఒక చెట్టు మీద నాలుగైదు కొమ్మలకు మించి కట్టకూడదని తాత కట్టడి. దొరగారి సపోటా పండు తేనె. అంట్ల కోసం జనం ఎగబడేవారు. ఆ ఏడు వానాకాలంలో నాన్న కాలు విరిగి మంచాన పడ్డాడు. నాకు ఇరవై ఏళ్లు. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. చేతికందిన ప్రతి కొమ్మకూ కట్టాను. వేళ్లు రాగానే అన్నీ కోసేశాను. మరుసటి వేసవి, రోహిణి కార్తె ఎండలకు ఆ చెట్టు నిలువునా ఎండిపోయింది.

సరిగ్గా అప్పుడే దొర ఉత్తరం వచ్చింది. రాత వణికి ఉంది. "నేను ఎక్కిన ఓడలన్నీ పాత ఇనుముకు పోయాయి. నా చేతులతో నిలబెట్టినవాటిలో మీ ఇంటి చెట్టు ఒక్కటే మిగిలింది. అది ఎలా ఉంది?"

నాన్నకు చదివి వినిపించాను. చేతికర్ర పట్టుకుని మోడు దగ్గరికి నడిచాడు.

"ఒరే, ఉన్నదున్నట్టు రాసెయ్. చెట్టు పోయింది, మనవే చంపుకున్నాం, తప్పు మాదేనండి అని రాయి."

"బాధపడతారేమోనండి."

"పడనీరా. ఆయన చెట్టు ఆయనకి తెలియొద్దా ఏంటి?"

"ఆయ్, అలాగేనండి."

చెట్టు బాగుందని రాశాను. ఈ ఏడు విరగకాసిందని కూడా రాశాను.

జాలిపడి రాశానా? అలా అనుకోవడం బాగుంటుంది. కానీ నన్ను గంజి పోసినవాడి మనవడిగా తలిచే ఆ ముసలాయన, చెట్టును చంపినవాడిగా తలుస్తాడేమోనన్న పిరికితనం కాదూ అది?

అక్కడితో ఆగినా బాగుండేది. జవాబు వచ్చింది. దొర సంతోషం పట్టలేక రెండు పేజీలు రాశాడు. నాన్న ఎదురుగా కూర్చుని, చదవరా అన్నాడు. ఏం చదవను? కాగితం వైపు చూస్తూనే కల్పించి చదివాను. "చెట్లన్నాక పోతాయి. మీ అబ్బాయిని ఏమీ అనవద్దు." దొర పేరు మీద క్షమాపణ నేనే పుట్టించి, నేనే చదివి, నేనే పుచ్చుకున్నాను. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. దొరంటే దొరేరా అన్నాడు. ఆ సాయంత్రం ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి నా నోట్లో పెట్టాడు. తిన్నాను.

రెండేళ్లకు దొర పోయాడు. నా ఉత్తరం చివరిదాకా తలగడ కింద పెట్టుకున్నాడని కూతురు రాసింది. తర్వాత నాన్న కూడా నిశ్చింతగా పోయాడు. ఇద్దరూ సంతోషంగానే వెళ్లారు. ఆ అంట్లు లారీలెక్కి ఏయే ఊళ్లలో కాస్తున్నాయో, వాటి పుణ్యమా అని మా నర్సరీ నిలబడింది. నేనూ సుఖంగానే బతికాను. మరి ఎవరికి నష్టం? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. వేసుకుంటున్నానంటేనే తెలియడం లేదూ? నాన్నను నిజం చెప్పుకోనివ్వలేదు నేను. దొరను తన చెట్టు కోసం ఏడవనివ్వలేదు.

మొన్న మా నర్సరీ ఫోనుకు దొర మనవరాలు మెసేజ్ పెట్టింది. వచ్చే నెల వస్తుందట. తాతగారి చెట్టు కింద కాసేపు కూర్చోవాలట. తోటలో ఇంకో ముదురు సపోటా చూపిద్దాం, ఆవిడకేం తెలుస్తుందని మా అబ్బాయి నవ్వుతూ అన్నాడు. అచ్చం నా గొంతే. వాడికి ఏమీ తెలియదు పాపం.

ఈ పొద్దున ఫోను తీసుకుని, ఆ చెట్టు ఉన్నచోటికి వెళ్లాను. ఇప్పుడక్కడ లారీలకు మొక్కలు ఎక్కిస్తారు. ఒక కుండీ బోర్లించి కూర్చుని, ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాను. పంపేశాను. ఆవిడ చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. వస్తుందో రాదో, వస్తే ఏముంటుందో తెలియదు. ఏమున్నా ఈసారి ఉన్నదున్నట్టు చదువుకుంటాను. ఛాతీ మాత్రం తేలికపడింది.

నాన్న చెప్పినట్టే రాశాను. ఒక్క మాట మార్చాను. చంపింది మేము కాదు, నేను.