చింతపండుతో తోమిన గొట్టం

ఆ రోజుల్లో మెరవని రాగి కంటబడితే నా చేతులు ఊరుకునేవి కావు. ఆ రోజులంటే చిన్నతనం అనుకునేరు, అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు (అక్షరాలే నలభై దాటాక దిద్దినదాన్ని, బుద్ధి ఇంకా వెనక వస్తోంది). స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో ఆర్నెల్లు ఉన్నాను. బయట మంచు, లోపల నాకు పని లేదు. వంటింటి సింకు కింద రాగి నీటిగొట్టం, దాని అతుకు చుట్టూ పచ్చగా గడ్డకట్టిన చిలుము. వారం ముందు కుళాయి బిగించడానికొచ్చిన ముసలి ప్లంబర్ అది చూసి, "చిలుము గొట్టాన్ని తినేసింది. ఇప్పుడు ఆ చిలుమే నీళ్ళను ఆపుతోంది. కొత్త ముక్క తెచ్చి వేస్తాను, అందాకా తాకొద్దు" అన్నాడట. అమ్మాయి నాకు చెప్పింది కూడా. తోమడం చేతగాక చెప్పే మాటలు అనుకున్నాను.

అమ్మాయి హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్ళగానే చింతపండు, ఉప్పు కలిపి, చతికిలబడి తోమాను. గొట్టం తళతళలాడింది. నేను మురిసేలోగా సూదిమొనంత చిల్లులోంచి నీళ్ళు నా మొహానికే కొట్టాయి. ఎక్కడ కట్టేయాలో తెలియదు. పాత చీర చుట్టి కూర్చున్నాను. సాయంత్రం అమ్మాయి వచ్చేసరికి వంటిల్లంతా నీళ్ళు. "ఏమైందమ్మా?" అంది. "నాకేం తెలుసే. ఆ ముసలాయన ఏం కదిపిపోయాడో" అనేశాను.

అది నమ్మి, ఇల్లు అద్దెకిచ్చిన ఆఫీసుకు ఫోన్ చేసింది. "ఆయన మీద ఇంతకుముందే ఒక కంప్లైంట్ ఉందంట. ఇంకోటి వస్తే పనికి పిలవరంట" అంది. అయినా తోమింది నేనేనని చెప్పలేదు.

మర్నాడు ఆయనే వచ్చాడు. గొట్టాన్ని వేలితో రాసి, వాసన చూసి, నా వంక చూశాడు. అమ్మాయి కూడా వంగి చూసింది.

"అమ్మా, తోమావా?"

"కొంచెం."

"కొంచెమా? నా మొహం కనిపిస్తోంది ఇందులో."

ఆయన ఏదో అన్నాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన లీకు చూడలేదన్నాడట. నా మీద ఒక్క మాట కూడా పడకుండా, పాత గొట్టమని మాత్రం కాగితం మీద రాసుకుని, ముక్క మార్చాడు. అది విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. అమ్మాయి చేత ఆఫీసుకు ఫోన్ కలిపించి, నేనే మాట్లాడాను: "ఐ వాష్ పైప్. మ్యాన్ గుడ్. ఐ బ్యాడ్."

ఆయన్ని పని మాన్పించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆ ఇంగ్లీషుకి ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ నాలుగు ముక్కలూ నాకు ముందురోజు కూడా వచ్చు.