ఎక్కువొచ్చిన వెండి

వన్‌టౌన్‌లో వెండి శుద్ధి చేసే నాసిర్ పాత పళ్లేన్ని వాసన చూసి, అది ఎవరి పెళ్లిలో పెట్టిందో చెప్పేవాడు. సరే, పెళ్లి దాకా ఎందుకు, అందులో రాగి ఎంత కలిసిందో మాత్రం చెప్పేవాడు. అదీ వాసనతో కాదు, గీటురాయి మీద గీసి. కానీ చెప్పిన అంకె తప్పేది కాదు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ పేరే ఆస్తి.

2004 వేసవిలో ఆ పేరు మీదికి అంకమ్మరావు వచ్చిపడ్డాడు. పటమటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్. కిలో పాత పళ్లేలిచ్చి, నాసిర్ ముందే చెప్పినట్టు ఎనిమిది వందల గ్రాముల మేలిమి వెండి పట్టుకెళ్లాడు. మర్నాడు ఆ ముద్దను తెచ్చి బల్ల మీద విసిరికొట్టాడు.

"సీసం ఎంత కలిపావయ్యా?"

నాసిర్‌కి ఒళ్లు మండింది. వెండి కొట్టు భద్రమ్మ గారు అప్పుడే తుక్కు సంచీతో గుమ్మమెక్కారు. ఆ మాట విని సంచీని చంకలో ఇరికించుకున్నారు. ఆవిడ వెనక్కి తిరిగితే సాయంత్రానికల్లా బజారంతా తనకు పని ఇవ్వడం మానేస్తుంది.

"ఏం తక్కువైందండీ?"

"తక్కువ కాదు, ఎక్కువైంది! ఆటమ్ ఎకానమీ అని ఒకటుంది, నీకేం తెలుస్తుందిలే. రియాక్షన్‌లో పడేసిన సరుకంతట్లో పనికొచ్చేది ఎంత అని. నీ రియాక్షన్‌కి యాభై మూడున్నర శాతం. అంటే కిలోకి ఐదొందల ముప్పై అయిదే రావాలి. మిగతాది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

లెక్క రాసిన కాగితం ముఖం మీదికి తోశాడు. నాసిర్ వేలు పెట్టాడు.

"కింద ఈ అరవై మూడున్నర ఏంటండీ?"

"రాగి. కరిగిన వెండి మళ్లీ బయటికి దిగడానికి నువ్వు వేసే పలక."

"పలక నాదండీ. ఈ మూడొందల నలభై?"

"సిల్వర్ నైట్రేట్. యాసిడ్‌లో కరిగిన వెండి."

"వెండి మీది. యాసిడ్ ఎవరిది? నా పలకా, నా యాసిడూ మీ పళ్లేలతో కలిపి కాటాకెక్కించి, అందులో సగమే వెండంటారేంటండీ? మీరు కిలో తూచి ఇచ్చినప్పుడు అవి మీ సంచీలో ఉన్నాయా?"

అంకమ్మరావు ముఖం కందగడ్డయింది. "పుస్తకంలో అలాగే..."

"పుస్తకం మీద నాకేం కోపం లేదండీ. ముద్ద తీసుకుని దయచేయండి. మళ్లీ ఈ గుమ్మం తొక్కితే మర్యాదుండదు."

భద్రమ్మ గారు సంచీ తీసి కాటాలో పెట్టారు. "నాది ఎంతొస్తుందో చెప్పు నాసిరూ."

ఇప్పుడెవరైనా ఈ సంగతి ఎత్తితే నాసిర్ కస్సుమంటాడు. "ఎవరండీ చెప్పింది? అంకమ్మరావెవరో నాకు తెలీదు. ఆ వేసవంతా నేను ఉయ్యూరులో మా అత్తగారింట్లో ఉన్నా. భద్రమ్మ గారు నా కొట్లో అడుగే పెట్టలేదు. అంతా అబద్ధం."